మేకలు దాటడానికి ఎంత ర్యామ్ కావాలి

మొన్న మా జిరాక్స్ దుకాణానికి ఒకాయన ఆధార్ కాపీ కోసం వచ్చాడు. కాపీ చేతికందినా కదలకుండా, కౌంటరు మీద మోచేతులు ఆనించి, "అన్నా, గేములాడే కంప్యూటర్ కొందామనుకుంటున్న. ర్యామ్ పదహారు జాలునా, ముప్పై రెండు బెట్టాల్నా?" అని అడిగాడు. నారాయణఖేడ్‌లో ఇలాంటి ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి. బస్ డిపో ఎదురుగా దుకాణం పెట్టుకుని నాలుగు యంత్రాల మధ్య కూర్చున్నవాడికి లోకంలోని యంత్రాలన్నీ తెలిసే ఉంటాయని జనం నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టే పని నేనెన్నడూ పెట్టుకోలేదు. బోరు మోటారు కాలినా, కళ్ళజోడు నంబరు మారినా నన్నే అడుగుతారు, నేనూ తడుముకోకుండా చెప్తాను. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం స్టూలు జరిపి ఆయనను కూర్చోమన్నాను. ర్యామ్ అన్న మాట వింటే నాకు అంకెలు కాదు, మా బావ కనబడతాడు, ఆయన ముందు ఒక మేక కనబడుతుంది. ఆ మేక ఒక కాలు గాల్లో పెట్టి నిలబడి ఉంటుంది. ఆ సంగతి చెప్తాను. నేను చెప్పేవాటిలో పావు వంతు తీసేసి వినడం మా ఊరివాళ్ళ అలవాటు. మీరూ అలాగే కానివ్వండి. ఏ పావు తీసేయాలో మాత్రం నన్నడగొద్దు.

మా బావ అంటే మా అక్క పెనిమిటి, సర్కారు బస్సు డ్రైవరు. మనూర్, కల్హేర్ దిక్కు పోయే రూట్లలోనే ఆయన సర్వీసంతా గడిచింది. ఆయన హారన్ కొడితే మనూర్ దారిలో బర్రెలు పక్కకు జరగడమే కాదు, పాలు పితికే వేళయిందనుకుని ఇంటిదారి పట్టేవి. ఆయన క్లచ్ వదిలే నాజూకుకు ఇంజన్ బానెట్ మీద పెట్టిన నిండు చాయ్ గ్లాసు మీగడ కట్టేదే తప్ప తొణికేది కాదు. పొద్దున బస్సెక్కే ముందు చుట్టూ తిరిగి ఒక్కొక్క టైరునూ కాలితో తన్ని చూసేవాడు. తర్వాత సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదిలీ కదలకుండా ప్రార్థన చేసుకుని తాళంచెవి తిప్పేవాడు. రోడ్డు సంగతి ప్రభువు చూసుకుంటాడు, టైర్ల సంగతి మనమే చూసుకోవాలని ఆయన నమ్మకం. అట్లాంటి మనిషికి ఒక ఏడు మెడికల్ పరీక్షలో ఎడమ మోకాలు అరిగిపోయిందని తేలింది. ఖేడ్ నుంచి ఊళ్ళకు పోయే రోడ్లలో గుంతకొకసారి క్లచ్ తొక్కినవాడికి మోకాలు అన్నాళ్ళు ఉండటమే ఎక్కువ. ఇక స్టీరింగు ముట్టొద్దన్నారు. డిపో గేటు దగ్గర నిలబెట్టి, బయటికి పోయే బస్సులకు చేయెత్తే పని ఇచ్చారు. కొన్నాళ్ళు ఎత్తాడు. ఒకరోజు ఎత్తిన చేయి అట్లాగే దించి, ఇంటికొచ్చి, రిటైర్మెంటు రాసిచ్చేశాడు.

ఆ రోజు నుంచి మా బావ బస్సెక్కలేదు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సందులో ఆటో వంకర తిరిగితే ఆయన కుడికాలు దానంతటదే నేలను తొక్కేది. అక్క బిందె పట్టుకుని వంటింట్లోంచి పెరట్లోకి మళ్ళితే, "గట్ల చెప్పకుంట మల్లుతవేందే, ఎనకాల ఎవలొస్తున్నరో జూస్కోవా?" అనేవాడు. అంతవరకు నవ్వులాటే. కానీ ఆయన ఏ ఊరికీ కదిలేవాడు కాదు. కూతురు సంగారెడ్డిలో ఉంటుంది. మనుమరాలి పుట్టినరోజు ప్రార్థనకు కూడా అక్క ఒక్కతే బస్సెక్కి పోయొచ్చింది, ఈయన మోకాలు చూపించి ఉండిపోయాడు. నేనొకసారి గట్టిగా అడిగితే అసలు మాట బయటపడింది. "ఇంకొకడు తోలుతుంటే ఎనకాల మూట లెక్క కూసునుడు నాతోటి గాదు బామ్మర్ది," అన్నాడు. ఆ మాట నేను అక్కకు చెప్తే ఆమె చేతిలోని చేట పక్కన పెట్టింది. ఆ తర్వాత, "ఒక్కసారి బస్సుల కాలువెడితే సాలురా. అటెన్క ఆయన్నే కూసుంటడు. గా కాలే పెడ్తలేడు," అని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఉల్లిగడ్డ కోయకుండా మా అక్క కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదలు.

కంప్యూటర్ ఉపాయం కూతురిదే. బస్సు తోలే ఆటలు ఉంటాయట, నిజమైన బస్సులాగే ఉంటాయట అని ఎక్కడో చూసి, స్టీరింగూ మూడు పెడళ్ళూ పార్సిల్ చేసింది. కంప్యూటర్ సంగతి మామ చూసుకుంటాడని ఫోన్లో ప్రకటించింది. మామ అంటే నేనే. హైదరాబాదులో మా చిన్నమ్మ కొడుకుకు కంప్యూటర్లు కూర్చి అమ్మే దుకాణం ఉంది. ఫోన్ చేస్తే, "అన్నా, తతిమ్మాదంత నేను జూస్కుంట గని ర్యామ్ ఎంత బెట్టాల్నో నువ్వే చెప్పు," అన్నాడు. ఎంతెంత ఉంటాయని అడిగాను. "ఎనిమిది జీబీలైతే ఆట నడుస్తది. పదహారైతే మంచిగ నడుస్తది. ముప్పై రెండు దోస్తులకు చెప్పుకునేటందుకు." నేను దోస్తులకు చెప్పుకునే జాతివాడిని కాబట్టి నా ఓటు ముప్పై రెండుకే పడింది. అయితే మా ఇంట్లో ఏదైనా కొనాలంటే నలుగురు కూర్చుని తేల్చాలి.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాకిట్లో కూర్చున్నాం. నలుగురిలో నాలుగోవాడు మా బావ పాత కండక్టరు. కర్ణాటక సరిహద్దు ఊరివాడు, ఒప్పుకోవాల్సినప్పుడు "హౌదు హౌదు" అంటాడు కానీ ఆయన దేనికైనా ఒప్పుకోగా విన్నవాళ్ళు తక్కువ. ర్యామ్ అంటే ఏందని అక్క అడిగింది. పెద్ద తెలిసినవాడిలా గొంతు సవరించుకుని, "బస్సుల సీట్ల లెక్క అక్కా. ఆటల కనవడే చెట్లు, ఆటోలు, మనుషులు, అన్ని గందులనే కూసోవాలె. సీట్లెక్కువుంటే ఎక్కువ కూసుంటయ్," అన్నాను. చెప్పిన తీరు బాగానే ఉంది, చెప్పిన చోటే బాగాలేదు. కండక్టరు ముందు సీట్ల మాట ఎత్తకూడదు.

"సీట్లు ఎన్నున్నయో గంతమందినే ఎక్కిచ్చేటోడు కండక్టరెట్లయితడు?" అని ఆయన లేచి నిలబడ్డాడు. "జాతరకు పోంగ ముగ్గురి సీట్ల ఆరుగురిని గూసోబెట్టిన. జర జరుగుండ్రి అంటే జరుగుతరు. ఎనిమిది జాలు. దాంట్లనే పదహారు కొడ్త నేను."

"మరి పైన గుడ ఉంటది గద," అన్నాడు బావ, బస్సు టాపును తలుచుకుని.

"గది నేను లెక్కవెట్టనే లేదు డ్రైవర్ సాబ్!"

అట్లా ఎనిమిది ఖాయమైంది. కంప్యూటరు వచ్చింది. పాస్టరయ్య వచ్చి దాని మీద చేయి ఉంచి, ఈ వాహనం ఎవరికీ హాని చేయకుండా నడవాలని క్లుప్తంగా ప్రార్థించాడు. కండక్టరు రెండు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కోసం బల్ల కింద దూరి వెతికాడు. ఎక్కడా దొరక్కపోయేసరికి ఒకటి స్టీరింగు కింద, ఒకటి మౌసు కింద పెట్టాడు. సాయంత్రం అక్క పప్పులోకి నిమ్మకాయ కావాలని తీసుకునేదాకా మౌసు కదల్లేదు. బావ బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, కాళ్ళకు చెప్పులు తీసేసి, కళ్ళు మూసుకుని, తెరిచి, క్లచ్ తొక్కాడు. "గిదేంది, పూరీ లెక్క మెత్తగున్నది!" అని మోకాలి మీద చేయి వేసి మురిసిపోయాడు.

ఆ మురిపెం ఊరు దాటేదాకా కూడా నిలవలేదు. ఆటతో పాటు వచ్చిన రోడ్డు ఏదో చలి దేశానిది. నున్నగా, ఖాళీగా, గీతలు గీసినట్టు ఉంది. హారన్ కొడితే వెనక్కి చూసేవాడు లేడు. చేయి అడ్డం పెట్టి బస్సు ఆపేవాడు లేడు. పైగా కుడిపక్క తోలాలి. "ఇది రోడ్డా, దవాఖాన వరండానా?" అని బావ స్టీరింగు వదిలేశాడు. మళ్ళీ వాకిట్లో కుర్చీలోకి పోతాడేమోనని అక్క నా చేతికి ఫోనిచ్చింది. హైదరాబాదుకు ఫోన్ చేస్తే మా తమ్ముడు, మన దేశపు రోడ్లు తయారుచేసి పెట్టినవాళ్ళు ఉన్నారని, అక్కడినుంచే వాటిని మా కంప్యూటర్లోకి ఎక్కిస్తానని అన్నాడు. మా బావ ఒక్కొక్కటే అడిగాడు. గుంతలు కావాలి. లైట్లు లేని ట్రాక్టరు కావాలి. మలుపు దగ్గర చాయ్ హోటలు కావాలి. రోడ్డు మీద ఆరబోసిన జొన్నలు దొరకలేదు కానీ మేకలు దొరికాయి. "అన్నా, గివన్ని బెడ్తే ఎనిమిది జాలదు," అని తమ్ముడు హెచ్చరించాడు. నేను ఆ మాట చేరవేశాను. "జరుగుతరు తియ్," అన్నాడు కండక్టరు.

మర్నాటి నుంచి బావ ఇంట్లోనే డ్యూటీ ఎక్కాడు. పొద్దున స్నానం చేసి, తల దువ్వుకుని, పెడళ్ళ ముందు కూర్చునేవాడు. ఎట్లుంది బావా అంటే, "బ్రహ్మాండం. అచ్చం కల్హేర్ రోడ్డే," అనేవాడు. నేనదే హైదరాబాదుకు చెప్పాను. తమ్ముడు నమ్మలేదు. "ఎనిమిదిల గిదంత నడుస్తదా? అన్నా, నీ ముచ్చట్లు నాకెరుకలేవా?" అన్నాడు. నా జన్మలో నేను ఉన్నదున్నట్టు చెప్పిన సందర్భాలు అరుదు. అందులో ఒకదాన్ని మావాడు ఇట్లా తీసిపారేశాడు. కంప్యూటర్ పెట్టెలోని ఫ్యాను చేసే చప్పుడు మాత్రం నాకూ కొంచెం అనుమానంగానే ఉండేది. అది మొదలవగానే పక్కింటివాళ్ళు గాలిదుమారం వస్తోందనుకుని మిద్దె మీద ఎండబోసిన మిరపకాయలు ఎత్తుకునేవాళ్ళు.

అసలు సంగతి ఒక మధ్యాహ్నం బయటపడింది. నేను దుకాణం మూసి అన్నానికి అక్క ఇంటికి పోయాను. బావ స్టీరింగు మీద రెండు చేతులూ వేసి నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. తెర మీద రోడ్డు, రోడ్డుకు అడ్డంగా మేకల మంద. అన్నిటికన్నా ముందున్న మేక ముందరి కాలొకటి గాల్లో పెట్టి ఉంది.

"ఏంది బావా, ఆగినవ్?"

"మ్యాకలు దాటుతున్నయ్ గద."

"ఎంతసేపాయె?"

"నేను తిని, చెయ్యి కడుక్కొని అచ్చిన. ఇంక దాటుతనే ఉన్నయ్. మంద పెద్దగున్నది."

నేను తెరకు దగ్గరగా వంగాను. "బావా, గా ముంగటి మ్యాక కాలు కింద పెడ్తలేదు."

ఆయన కూడా వంగి చూసి జాలిపడ్డాడు. "ముల్లు గుచ్చుకున్నట్టుంది పాపం."

వంటింట్లోంచి అక్క అందుకుంది. "నిన్న గుడ గట్లనే ఒక ట్రాక్టరు అడ్డం నిలవడ్డదట. మొన్న పెండ్లి ఊరేగింపట. ఆగినప్పుడల్ల బ్రేకేసి చాయ్ పెట్టుమని అస్తడు. నా వంటిల్లు బస్టాండు క్యాంటీనయింది!"

అప్పుడు నాకు అసలు సంగతి అర్థమైంది. వారం రోజులుగా కంప్యూటరు మాటిమాటికీ బిగుసుకుపోతోంది. ఇంకెవరైనా అయితే బల్ల గుద్ది, తిట్టి, దుకాణంవాడి మీదికి పోయేవాళ్ళు. మా బావకు రోడ్డు మీద ఆగిపోవడం కొత్త కాదు. బండి ఆగిందంటే ముందేదో అడ్డముంది, అడ్డమున్నది తొలిగేదాకా హ్యాండ్ బ్రేకు వేసి దిగి చాయ్ తాగాలి, అంతే. సర్వీసంతా అట్లాగే చేశాడు. కంప్యూటరు చేతగానితనాన్ని మేకల తప్పుగా జమకట్టి, ఆ మేకలను కూడా క్షమించేశాడు. యంత్రం బిగుసుకుపోయిందని, పదహారు వేయించాలని నేను చెప్తే ఆయనకు నచ్చలేదు. "మ్యాకలు దాటకపోతే బస్సును మారుస్తరా ఎవలన్న? మ్యాకలోనికి చెప్పాలె గని!"

మా తమ్ముడు సంగారెడ్డి దిక్కు పనేదో ఉండి, అక్కడినుంచి మా ఊరికొచ్చి, పెట్టె విప్పి, ఉన్న ముక్క పక్కనే అలాంటి ముక్కే ఇంకొకటి గుచ్చాడు. చాయ్ చల్లారేలోపు పదహారైపోయింది. మేక కాలు కింద పెట్టింది. మంద దాటింది. ఆ తర్వాత బస్సు ఎక్కడా ఆగలేదు, బావ చివరి స్టాపుకు చేరి చేతి గడియారం చూసుకున్నాడు. ఆయన ముఖంలో సంతోషం లేదు, అనుమానం ఉంది. "నడుమ ఏదో ఊరు పోగొట్టినవ్‌రా నువ్వు. ఇంత జల్దీ ఎట్లస్తది?" అన్నాడు. రెండు రోజులు ఒక్కో మలుపునూ లెక్కగా చూసుకుని, ఏ ఊరూ పోలేదని తేల్చుకున్నాక గానీ మావాడిని క్షమించలేదు. చాయ్‌ల సంఖ్య తగ్గినందుకు అక్క మాత్రం అదే రోజు క్షమించింది.

ఇప్పుడు బండి సాఫీగా నడుస్తుండటంతో కండక్టరు కూడా రోజూ వచ్చి కుర్చీ వెనక నిలబడేవాడు. జేబులో ఈల ఉండేది. స్టాపు వస్తే ఈల, కదలాలంటే రెండు ఈలలు. ఒకరోజు బావ ఏదో మీట నొక్కితే బస్సు లోపలి అద్దం పెద్దదై కనబడింది. వెనక సీట్లలో జనం కూర్చుని ఉన్నారు. కండక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"డ్రైవర్ సాబ్, గీ ఆకుపచ్చ చీరామె ముంగట గూసున్నది. నడుమల గూసున్నది. ఎనక గుడ గామెనే! ఎన్ని టికెట్లు గొట్టాలె నేను?"

నిజమే. ఒక ఆకుపచ్చ చీర ఆమె, ఒక టోపీ ముసలాయన, ఇంకో ముగ్గురు. బస్సు నిండా వాళ్ళే మళ్ళీ మళ్ళీ కూర్చున్నారు. ముప్పై రెండు వేయిస్తే వేరేవాళ్ళు ఎక్కుతారేమోనని నేను ఆశగా హైదరాబాదుకు ఫోన్ చేశాను. దోస్తులకు చెప్పుకునే అవకాశం మళ్ళీ వచ్చిందనుకున్నాను. "అరవై నాలుగు బెట్టినా గాళ్ళే ఉంటరన్నా," అన్నాడు తమ్ముడు. "గది తయారుజేసినోడే అయిదుగురిని జేసి ఊకున్నడు."

"దేవునికున్న ఓపిక కంప్యూటరోనికి ఏడికెళ్ళి అస్తది?" అంది అక్క.

బావ బండి పక్కకు తీసి ఆపాడు. "మన బస్సుల గిట్ల ఉండకపోతుండె గద. ఎవలెవలు ఎక్కుతుండిరి?" అని కండక్టరును అడిగాడు. కండక్టరు ఆపకుండా చెప్పుకుపోయాడు. మనూర్ నుంచి కోళ్ళగంప తెచ్చే ఆమె, కోళ్ళకు టికెట్ ఎందుకని రోజూ కొట్లాట. ఎక్కగానే నిద్రపోయి తన ఊరు దాటిపోయే టైలరు. నవ్వితే ముందటి పన్ను ఒక్కటే కనబడే పెద్దాయన. బావ ఒక్కరినీ ఆనవాలు పట్టలేకపోయాడు. కోళ్ళ అరుపు తెలుసు, గురక తెలుసు, కొట్లాట తెలుసు. ముఖాలు తెలియవు.

"నాకు గొంతులే ఎరుక," అన్నాడు చిన్నగా.

"హౌదు హౌదు," అన్నాడు కండక్టరు. ఆ మాట ఆయన నోట నిజంగా ఒప్పుకుంటూ రావడం నేను మొదటిసారి విన్నాను. "నువ్వు ఎన్నడన్న ఎనుకకు మల్లి జూసినవా మరి? గాళ్ళ మొకాలు నాయి, రోడ్డు నీది."

బావ కంప్యూటరు ఆపేశాడు. ఆ సాయంత్రం వాకిట్లో కూర్చున్నాడు కానీ కాలు నేలను తొక్కలేదు. ఆటోలు ఎన్ని వంకర్లు తిరిగినా పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున నేను దుకాణం తీస్తుంటే తెల్ల అంగీ వేసుకుని ఎదుట నిలబడ్డాడు. "షటరు మల్ల తీద్దువు గని, నడువు. కల్హేర్ బండి కదులుతది," అన్నాడు. ఎందుకని నేనడగలేదు. అడిగితే వెనక్కి పోతాడేమోనని భయం. జిరాక్సు కోసం వచ్చిన ఇద్దరిని అక్కడే వదిలేసి ఆయన వెంట రోడ్డు దాటాను.

ఫుట్‌బోర్డు ముందు ఆయన కాసేపు నిలబడ్డాడు. వెనకనుంచి ఎవరో, "ఎక్కుతవా, జరుగుతవా?" అని కసిరారు. ఆయన ఎక్కాడు. ముందున్న టైరును తన్నకుండా ఎక్కడం మాత్రం కుదరలేదు, దిగివచ్చి తన్ని మళ్ళీ ఎక్కాడు. డ్రైవరు కొత్తవాడు, ఈయనెవరో తెలియదు. బావ సీటు కోసం వెతక్కుండా డ్రైవరు పక్కనున్న ఇంజన్ బానెట్ మీద, రోడ్డుకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చున్నాడు. బస్సు కదిలింది. ఆయన ఒక్కొక్క సీటునే చూడటం మొదలుపెట్టాడు. పిల్లకు పాలు పట్టే తల్లి, ఎరువుల బస్తా మీద కాళ్ళు చాపినవాడు, ఫోన్లో కోడలిని తిట్టే అత్త. ఇద్దరికి ఒకే ముఖం లేదు. కొందరు, ఈ ముసలాయన ఏంది ఇట్లా మింగేటట్టు చూస్తున్నాడని ముఖాలు తిప్పుకున్నారు. రెండో స్టాపులో మూటతో ఎక్కిన ఒక అవ్వ కమ్మీ పట్టుకుని బావను ఎగాదిగా చూసింది.

"ఓ కొడుకా, జర అటు మల్లు."

"ఎందుకవ్వా?"

"మల్లు అంటున్న గద!"

ఆయన లేచి అటు తిరిగాడు. అవ్వ ఆ వీపును ఒక క్షణం చూసి, దాని మీద అరచేత్తో ఒక్కటిచ్చింది. "అగో, నువ్వే! ఇన్నేండ్లు నీ ఈపు సూస్కుంటనే కూసున్న. ఏడ సచ్చినవ్ ఇన్నొద్దులు? నా మనుమడు పుట్టిన నాడు వానల దవాఖాన దాంక తోలింది నువ్వు గాదు?"

బావ వెంటనే ఇటు తిరగలేదు. ఎదురుగా అద్దంలోంచి రోడ్డు కనబడుతోంది, ఆయన దాన్నే చూస్తున్నట్టు నిలబడ్డాడు. తిరిగినప్పుడు కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదు. ఇది మీరు తీసేయాల్సిన పావు వంతులోది కాదు, నేనే కిటికీ వైపు తిరిగాను. కల్హేర్ దాకా అవ్వ మాట్లాడుతూనే ఉంది, ఆయన ఆమె ముఖం చూస్తూనే ఉన్నాడు.

ఆ ఆదివారమే మా అక్కాబావలు సంగారెడ్డి బస్సెక్కారు. ఇప్పుడు నెలకు రెండుసార్లు పోతారు. ఏ బస్సెక్కినా ఆయన కూర్చునేది బానెట్ మీదే. కంప్యూటరు పదహారు దగ్గరే ఆగింది, అంతకన్నా ఎక్కువ కావాలని ఎవరూ అడగలేదు. ఆధార్ కాపీ ఆయనకూ పదహారే చాలని చెప్పాను. తీరిక రోజుల్లో బావ ఇంకా తోలుతాడు, అయితే ఆటలోని ఆ లోపలి అద్దం వైపు చూడడు. మొన్న నేను ఆయనతో పాటు నిజం బస్సులో పోయినప్పుడు గమనించాను. సర్వీసంతా ముందు రాబోయే మలుపునే చూసిన మనిషి, బస్సు వెనకవైపు కిటికీ అద్దంలోంచి దాటిపోయిన ఊళ్ళు ఒక్కొక్కటిగా చిన్నవవుతుంటే హాయిగా చూస్తూ కూర్చున్నాడు. వయసు మీద పడటమంటే బహుశా ఇంతే: బస్సు అదే, రోడ్డు అదే, మనం కూర్చున్న సీటే మెల్లగా అటు తిరుగుతుంది.